బిడ్డకు సూది వేయించే ముందు ఏఎన్ఎంను ఏం అడగాలి

ముందు మీ ఊళ్లో టీకాల రోజు ఎప్పుడో కనుక్కోండి. మన వైపు చాలా ఊళ్లలో బుధవారమో శనివారమో అంగన్‌వాడీలోనో సబ్‌సెంటర్లోనో వేస్తారు, ఆశా కార్యకర్తను అడిగితే చెప్తుంది. తల్లీబిడ్డల కార్డు మర్చిపోవద్దు. కనిగిరి, పామూరు వైపు నుంచి పనులకని బెంగళూరో హైదరాబాదో పోయేవాళ్లు కార్డు వెంట తీసుకెళ్లండి, ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి, మిగతా డోసులు అక్కడి ప్రభుత్వ కేంద్రాల్లో కూడా ఉచితంగానే వేస్తారు.

అసలు సూది ఏం చేస్తుందంటే, చంపిన క్రిమినో, బలం తీసేసిన క్రిమినో, దాని ముక్కనో ఒంట్లోకి పంపుతారు. ఒళ్లు దాన్ని పట్టుకుని, క్రిమితో పోరాడే యాంటీబాడీలు తయారుచేస్తుంది, ఆ క్రిమిని గుర్తుపెట్టుకునే కణాలు కొన్ని ఏళ్ల తరబడి ఉండిపోతాయి, రేపు అసలు జబ్బు తగిలితే ఒళ్లు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాను 6, 10, 14 వారాలకు మూడుసార్లు వేసేది ఆ గుర్తు గట్టిపడాలనే. తట్టు టీకాకు 9 నెలలు నిండేదాకా ఆగమంటారు, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అంతకుముందు దాన్ని సరిగ్గా పనిచేయనివ్వవు. దాని రెండో డోసు 16–24 నెలల మధ్య, బిడ్డ నడుస్తూ ఆడుకుంటుంటే మర్చిపోయేది దీన్నే, మర్చిపోకండి.

అక్కడ నాలుగు అడగండి: ఇది ఏ జబ్బుకు, వేశాక ఏమవుతుంది, ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. సీసా కూడా చూపించమనండి. చాలా టీకాల సీసాల మీద గుండ్రటి గుర్తులో ఒక చదరం ఉంటుంది, ఆ చదరం చుట్టూ ఉన్న రంగుకంటే లేతగా ఉంటేనే వేయాలి. వేడి తగిలితే అది ముదురుతుంది, మన మే నెల ఎండల్లో ఇది తప్పకుండా చూడాల్సిందే.

వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఒకటి రెండు రోజులు జ్వరం, వాపు మామూలే. క్షయకు వేసే బీసీజీ టీకా వేసిన చోట కొన్ని వారాలకు పొక్కు వచ్చి మానుతుంది, పసుపూ గిసుపూ ఏమీ రాయొద్దు. ఊపిరి కష్టమైనా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇన్ని అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి, అది మీ హక్కు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు నడిచింది, హాస్టల్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని కాదు, అమ్మానాన్నలకు చెప్పకుండా వేయడం అన్యాయం. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని 2022 మేలో కోవిడ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అయితే ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సబబైన ఆంక్షలు పెట్టొచ్చంది.

అలాగని 'నా బిడ్డ, నా ఇష్టం' అనడం నాకు సమ్మతం కాదు. టీకా లేని చోట తట్టు వచ్చిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది, నూటికి 95 మందికి రక్షణ ఉంటేనే అది ఆగుతుంది. ఇంకా 9 నెలలు నిండని పక్కింటి పసిబిడ్డ, క్యాన్సర్ మందులు వాడే పిల్లాడు మన మీదే ఆధారపడి ఉన్నారు. అందుకే చదువురాని తల్లికి, యానాది కాలనీలో ఉండే తల్లికి ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుని చెప్పాలి, 'వేలిముద్ర వెయ్యి' అని ముగించకూడదు.

డోసు తప్పిపోయిందా? మొదటి నుంచి మళ్లీ వేయించనక్కర్లేదు, ఆగినచోట నుంచే కొనసాగిస్తారు. కానీ బీసీజీ, విరేచనాల జబ్బుకు వేసే రోటా లాంటివి ఏడాది దాటితే మొదలుపెట్టరు, కాబట్టి ఈ వారమే కార్డు తీసుకుని వెళ్లండి.