చందాయా, టికెట్టా? లైసెన్సు తెచ్చుకున్న కామిక్స్‌ను ఆన్‌లైన్‌లో నడపడానికి డబ్బు రాబట్టే దారి

తెలుగులో చందా అంటే రెండు. పత్రికకు ఏడాదికోసారి కట్టేదీ చందాయే, వినాయక చవితి పందిరికి ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదీ చందాయే. మొదటిది కట్టినవాడు పత్రిక రాకపోతే నిలదీస్తాడు. రెండోది ఇచ్చినవాడు ప్రసాదం అందకపోయినా ఊరుకుంటాడు. ఇక్కడ మొదటిదాన్ని టికెట్ అనీ, రెండోదాన్ని విరాళం అనీ అందాం. ఈ రెండింటినీ ఒకే బటన్ కింద కలిపేయడంతోనే ఆన్‌లైన్ కామిక్స్ నడిపేవాళ్ల చిక్కులు మొదలవుతాయి.

ఇది వేరేవాళ్ల కామిక్‌ని లైసెన్సు తీసుకుని తెలుగులో పెట్టేవాళ్ల కోసం. అది కొరియా వెబ్‌టూన్ కావచ్చు, జపాన్ మాంగా కావచ్చు, హిందీలోనో మలయాళంలోనో వచ్చిన సీరీస్ కావచ్చు. బొమ్మలూ కథా మీవే అయితే మీ ఇష్టం. సొత్తు ఎదుటివాడిదైతే మాత్రం డబ్బు ఏ దారిన రావాలో మీకంటే ముందు ఒప్పందం చెబుతుంది.

ముందు ఒప్పందం

లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టంలో చాలామంది పట్టించుకోని మూడు విషయాలున్నాయి. గడువు రాయకపోతే అయిదేళ్లు అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, అది పోతుంది. తెలుగు సైటుకు రెండోదే పెద్ద దెబ్బ. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పాఠకుడు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నా, అతనికి అమ్మే హక్కు మీకుండదు. అందుకే ‘ప్రపంచవ్యాప్తంగా, తెలుగు భాషలో, డిజిటల్’ అన్న మూడు ముక్కలూ ఒప్పందంలో ఉండేలా చూసుకోండి.

తర్వాత ‘ఆదాయం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి. ‘ఈ కృతి వల్ల ఏ రూపంలో వచ్చిన మొత్తమైనా’ అని ఉంటే విరాళం కూడా లెక్కలోకి వస్తుంది, అందులోనూ వాటా ఇవ్వాలి. ‘ఎపిసోడ్ల అమ్మకం, నెలవారీ చందా’ అని మాత్రమే ఉంటే విరాళం గురించి ఒప్పందం మౌనంగా ఉన్నట్టు. ఆ మౌనాన్ని అనుమతి అనుకోకండి. విరాళాల బటన్ పెట్టవచ్చా, వచ్చినదానిలో వాటా ఎంత అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. హక్కుదారులు తరచూ వద్దనే అంటారు, కారణం కూడా సబబైనదే. ఏ ఎపిసోడ్ ఎందరు కొన్నారో చెబితే వాళ్లు లెక్క సరిచూసుకోగలరు. ‘ఈ నెల మొత్తం మీద 8,000 విరాళం వచ్చింది’ అంటే అందులో తమ కథ వాటా ఎంతో వాళ్లకెలా తెలుస్తుంది?

విరాళం ఎక్కడ నడుస్తుంది

లైసెన్సే తెరిచి ఉన్న చోట నడుస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014లో మొదలుపెట్టిన ‘పెప్పర్ అండ్ క్యారెట్’ ఇందుకు చక్కని ఉదాహరణ. అది క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0 అనే, అందరికీ ముందే అనుమతి ఇచ్చేసే లైసెన్సు కింద ఉంది. పేరు చెప్పి, లైసెన్సు చూపి, చేసిన మార్పులు తెలిపితే ఎవరైనా అనువదించవచ్చు, పుస్తకంగా అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. డబ్బు కడితేనే చదవనిచ్చే గేటు ఏదీ లేదు. పోషకుల డబ్బుతోనే ఆయన గీస్తున్నాడు. అలాంటి కామిక్‌ని తెలుగు చేసేవాళ్లు ‘అనువాదానికి, లెటరింగ్‌కి’ (అంటే బుడగల్లో తెలుగు మాటలు పేర్చే పనికి) అని విరాళం అడగడంలో ఇబ్బందేమీ లేదు. పైగా ఎలాగూ ఉచితంగా దొరికేదానికి గేటు పెట్టినా ఎవరూ కట్టరు.

లైసెన్సులో ‘నాన్‌కమర్షియల్’ (వ్యాపారానికి కాదు) అన్న మాట ఉంటే సంగతి వేరు. ఎక్స్‌కేసీడీ (xkcd) అనే ఇంగ్లిష్ వెబ్‌కామిక్ స్ట్రిప్‌లు అలాంటి లైసెన్సులోనే ఉన్నాయి. వ్యాపార లాభం గానీ డబ్బు రూపంలో ప్రతిఫలం గానీ ప్రధాన ఉద్దేశంగా వాడకూడదని ఆ లైసెన్సు చెబుతుంది. సర్వర్ ఖర్చుకు నాలుగు రూపాయలు అడగడం ఇందులోకి వస్తుందా రాదా అని తలబద్దలు కొట్టుకునే బదులు రచయితకే రాసి అడగడం నయం.

ఇక లైసెన్సే లేకుండా స్కాన్ చేసి అనువదించి, ‘మేం అమ్మట్లేదు, విరాళమే’ అనేవాళ్లున్నారు. విరాళం అన్నంత మాత్రాన లేని హక్కు రాదు. పైగా ఆ క్యూఆర్ కోడే డబ్బు తీసుకున్నారనడానికి సాక్ష్యమవుతుంది.

విరాళాలు తీసుకునేటప్పుడు ఇవి పాటించండి. లక్ష్యం ఎపిసోడ్ లెక్కన చెప్పండి: ‘12వ ఎపిసోడ్‌కు రూ.1,500 కావాలి, 900 వచ్చింది’ అంటే జనం ఇస్తారు, ‘మమ్మల్ని ఆదుకోండి’ అంటే ఓసారి ఇచ్చి మరిచిపోతారు. ఇచ్చినవాళ్లకు ఎపిసోడ్ ముందుగా చూపిస్తామని ఆశ పెట్టకండి. ఆ క్షణం నుంచి అది విరాళం కాదు, అమ్మకం. జీఎస్టీ వాళ్లు ప్రతిఫలం అంటారు, హక్కుదారు ఆదాయం అంటాడు. పేరు వేసి కృతజ్ఞత చెప్పడంతో ఆపండి. ఇంటి ఖర్చులు నడిచే బ్యాంకు ఖాతాకు క్యూఆర్ కోడ్ తగిలించకండి. మోసపు సొమ్ములో ఓ రెండొందలు అందులో పడినా, సైబర్ ఫిర్యాదు వచ్చినప్పుడు ఖాతానే స్తంభింపజేసే ప్రమాదం ఉంది. వేరే ఖాతా, వ్యాపార క్యూఆర్ పెట్టుకోండి. ‘విరాళానికి పన్ను ఉండదు’ అన్నది కూడా అపోహే. చేస్తున్న పనికి వచ్చే డబ్బు ఆదాయమే. ఇచ్చినవాళ్లకు పన్ను రాయితీ కావాలంటే అందుకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉన్న ట్రస్టు కావాలి.

ఎన్నారైల డబ్బు

తెలుగు సైట్లు ఎక్కువగా ఆశపడేది ఇక్కడే. సాంస్కృతిక, విద్యా కార్యక్రమాలు నడిపేవాళ్లు విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత కష్టార్జితంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే విదేశీ విరాళమే. సైటుకు డబ్బు పంపే అపరిచితుడి పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోవడం మీ వల్ల కాదు. ఇంకో ముచ్చట: విదేశీ విరాళం అసలే తీసుకోకూడని వాళ్ల జాబితాలో ఆ చట్టం రిజిస్టరైన వార్తాపత్రిక కార్టూనిస్టును పేరుపెట్టి మరీ చేర్చింది. మీ లెటరింగ్ చేసేవాళ్లలో అలాంటివారుంటే వాళ్ల ఖాతాకు విరాళాలు మళ్లించకండి.

అదే మనిషి అదే డబ్బు నెల పాస్‌కు (నెలంతా చదవనిచ్చే టికెట్‌కు) కడితే, వ్యాపారంలో సేవకు ఇచ్చిన రుసుము కాబట్టి అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. లైసెన్సు తెచ్చుకున్న కామిక్‌కు టికెట్టే మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. విరాళాన్ని తెరిచిన లైసెన్సులకే ఉంచండి.

గేటు ఎక్కడ పెట్టాలి

పెద్ద సంస్థలు ఏం చేశాయో చూస్తే దారి తెలుస్తుంది. మాంగాను ఇంగ్లిష్‌లో ప్రచురించే విజ్ సంస్థ వాళ్ల షోనెన్ జంప్ 2018 డిసెంబరులో నెలకు 1.99 డాలర్లకే పాత ఎపిసోడ్ల ఖజానా తెరిచింది, రోజుకు 100 ఎపిసోడ్ల పరిమితితో. తాజా మూడు ఉచితం. జపాన్ ప్రచురణ సంస్థ షుయేషా 2019 జనవరిలో తెచ్చిన మాంగా ప్లస్‌లో మొదట్లో మొదటి మూడు, చివరి మూడు ఎపిసోడ్లు ఉచితంగా ఉండేవి. కొరియాలో కకావోపేజ్ 2014లో ‘ఆగితే ఉచితం’ పద్ధతి తెచ్చింది: ఒక ఎపిసోడ్ చదివాక కొంత సమయం ఆగితే తర్వాతిది ఊరికే వస్తుంది, ఆగలేనివాడు కడతాడు.

చిన్న తెలుగు సైటుకు మా సలహా ఇది. వారంవారం ఉత్కంఠ దగ్గర ఆగే కథైతే మొదటి అయిదు ఎపిసోడ్లు ఉచితం, తాజా మూడు పాస్ ఉన్నవాళ్లకు మాత్రమే, మూడు వారాలయ్యాక ఒక్కొక్కటే అందరికీ. హాస్యం, పిల్లల కథలు, ఎపిసోడ్‌కు ఎపిసోడ్ ముగిసేవైతే ఈ ఎత్తు పారదు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం లేనప్పుడు ఎందుకు కడతారు? అలాంటివి పది ఎపిసోడ్ల సంపుటిగా అమ్మండి.

నాణేలు (పాఠకుడు ముందే డబ్బు కట్టి కొనుక్కుని, ఎపిసోడ్లకు ఖర్చుపెట్టేవి) పెట్టేముందు ఆలోచించండి. మీ సైటులోనే ఖర్చయ్యి, తిరిగి నగదుగా మారనంత వరకు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. కానీ నాణెం అప్పులాంటిది. సైటు మూసేరోజు ఖర్చుకాని నాణేలన్నీ మీ మెడకు చుట్టుకుంటాయి.

రూ.49 ఎటు పోతుంది

లెక్క కోసం ఇలా అనుకుందాం: ఏడాదికి 40 ఎపిసోడ్లు, కనీస హామీ (హక్కుదారుకు అతని వాటా కింద ముందే కట్టేది) రూ.60,000, నికరంలో హక్కుదారుకు 40 శాతం, అనువాదం, లెటరింగ్ కలిపి ఎపిసోడ్‌కు 1,500, సర్వర్‌కు ఏడాదికి 12,000. మొత్తం రూ.1,32,000. లెటరింగ్ ఖర్చు తగ్గించి వేసుకోకండి. గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి తెలుగు వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. జపాన్ బుడగలు నిలువు రాతకు గీసిన సన్నవి. సరిపోక మాట కత్తిరించాలి, అంటే ఆ పేజీ రెండుసార్లు చేసినట్టే.

నెల పాస్ రూ.49. ఇందులో 18 శాతం జీఎస్టీ తీస్తే 41.53. ఆన్‌లైన్ చెల్లింపు నడిపే గేట్‌వే సంస్థ రుసుము 2 శాతం, దానిపై జీఎస్టీ కలిపి 1.16. మిగిలింది 40.37. హక్కుదారుకు 40 శాతం అంటే 16.15. మీ చేతికి 24.22. కనీస హామీ ముందే కట్టేశారు కాబట్టి, హక్కుదారు వాటా 60,000 దాటేదాకా మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఆ లెక్కన 1,32,000 రాబట్టుకోవాలంటే ఏడాదిలో 3,270 పాస్‌లు, అంటే సగటున నెలకు 273 మంది కావాలి. అంతమంది రారనిపిస్తే ధర పెంచే ముందు కనీస హామీ తగ్గించమని అడగండి.

సేవల టర్నోవర్ రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. హక్కుదారు విదేశీయుడైతే ఆ మినహాయింపు పనికిరాదు. రివర్స్ చార్జి (అమ్మినవాడికి బదులు కొన్నవాడే పన్ను కట్టే పద్ధతి) కింద రాయల్టీపై 18 శాతం మీరే కట్టాలి, అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పై లెక్కలో అది 10,800. తర్వాత క్రెడిట్‌గా సర్దుకున్నా, మొదట చేతిలోంచి పోతుంది. టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా ఉంది. జపాన్, కొరియాలతో పన్ను ఒప్పందాల ప్రకారం రాయల్టీపై 10 శాతం, అదీ హక్కుదారు తన దేశపు పన్ను నివాస ధ్రువపత్రం పంపితేనే. ‘పన్నులు పోను 60,000’ అని రాసుంటే ఆ 10 శాతమూ మీదే. ఖర్చు 66,667 అవుతుంది. సంతకానికి ముందే సీఏకి చూపించాల్సిన వాక్యం ఇది.

గేటు కట్టాక చెడేవి

నెలనెలా దానంతటదే డబ్బు కట్టే యూపీఐ ఆటోపేలో, డబ్బు తీసే 24 గంటల ముందు పాఠకుడికి సందేశం వెళ్తుంది. రద్దు చేసుకునేది ఆ సందేశం చూసే. కాబట్టి కొత్త ఎపిసోడ్ వచ్చిన మర్నాడు సందేశం వెళ్లేలా తేదీ కుదుర్చుకోండి. నెలాఖరున ఖాతాల్లో డబ్బుండదు. 3 నుంచి 7వ తేదీ మధ్య తీస్తే విఫలమయ్యేవి తగ్గుతాయి.

రెండోది సాంకేతికం. ఎపిసోడ్ పేజీకి తాళం వేస్తారు, బొమ్మల ఫోల్డర్‌ను తెరిచే ఉంచుతారు. ఉచితంగా ఉన్న 20వ ఎపిసోడ్ బొమ్మ మీద నొక్కి చిరునామా చూస్తే చివర ‘20/03’ అని ఉంటుంది. దాన్ని ‘21/03’ చేస్తే తాళం వేసిన ఎపిసోడ్ మూడో పేజీ తెరుచుకుంటుంది. పదేళ్ల పిల్లాడైనా కనిపెడతాడు. పేజీల పేర్లు ఊహించలేనట్టు పెట్టి, పది నిమిషాల్లో చెల్లకుండా పోయేలా సర్వరే రహస్య ముద్ర వేసిన లింకుల (signed URL) ద్వారానే ఇవ్వండి.

మూడోది వాటాల పంపకం. ఒకే పాస్‌తో నాలుగు సీరీస్‌లు చదివిస్తే, నెల మొత్తాన్ని చదివిన ఎపిసోడ్ల నిష్పత్తిలో పంచండి. 300 పాస్‌ల మీద నికరం 12,111. మొత్తం 3,000 ఎపిసోడ్లు చదివితే అందులో 1,800 ఒక సీరీస్‌వైతే దాని భాగం 60 శాతం, 7,266.60, హక్కుదారుకు 2,906.64. ఈ పద్ధతి ఒప్పందంలోనే రాసుకోండి. దేశాలవారీగా చదివినవాళ్ల లెక్క మొదటి రోజు నుంచే దాచండి. తర్వాత వెనక్కి వెళ్లి తీయలేరు.

చివరిది, జీవిత చందా. మన పత్రికల అలవాటు కాబట్టి ‘999 కడితే జీవితాంతం’ అని పెట్టాలనిపిస్తుంది. మీ లైసెన్సు రెండేళ్లదైతే ఎవరి జీవితం అది? జపాన్ ప్రచురణకర్తలు కలిసి 2011లో తెచ్చిన జేమాంగా అనే ఆన్‌లైన్ మాంగా సైటు 2013 మే నెలాఖరులో మూతపడినప్పుడు, డబ్బిచ్చి కొన్న పుస్తకాలు కూడా పాఠకుల ఖాతాల్లోంచి పోయాయి, ఎందుకంటే దించుకునే వీలే ఇవ్వలేదు. ‘కొనండి’ అని రాయకుండా, ‘ఫలానా తేదీ వరకు చదవండి’ అని బటన్ పక్కనే రాయండి. లైసెన్సు ముగియడానికి 60 రోజుల ముందు కొత్త పాస్‌లు ఆపండి, 30 రోజుల ముందు ఆటోపే మాండేట్లన్నీ (పాఠకులు ఇచ్చిన డబ్బు తీసే అనుమతులు) మీ వైపు నుంచే రద్దు చేయండి. మిగిలిన నాణేల విలువను, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి పంపండి. హక్కుదారు ఒప్పుకుంటే, చదివినవాళ్లు దించుకోవడానికి పీడీఎఫ్ ఇవ్వండి. ఆ ఒప్పుకోలు అడగాల్సింది మాత్రం సంతకం చేసేరోజునే.