విండోస్ 11 వేస్తుంటే ఎస్‌ఎస్‌డీ కనబడట్లేదా? కొత్తది కొనేముందు ఇది చూడండి

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయింది, భాష ఎంచుకున్నారు, కీ అడిగితే తర్వాత ఇస్తానని దాటేశారు, తీరా విండోస్ ఎక్కడ వేయాలో అడిగే పేజీకొచ్చేసరికి లిస్టు ఖాళీ. కొన్నిసార్లు ఏదో డ్రైవర్ లేదని మెసేజ్ వస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక, 2020-21లో కొన్న లాప్‌టాప్‌లకి ఫ్రెష్‌గా 11 వేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు, దాంతోపాటు ఈ ప్రశ్న కూడా. పెన్‌డ్రైవ్ తయారుచేయడం, బూట్ మెనూ తెరవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

ముందు బయోస్ చూడండి

ఇది రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు. బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) వెళ్లి స్టోరేజ్ సమాచారం ఉన్న పేజీలో మీ ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరు కనబడుతోందా లేదా చూడండి. అక్కడా లేకపోతే అది హార్డ్‌వేర్ గొడవ: వెనక మూత తీసి ఎస్‌ఎస్‌డీని తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి, ఇంకో మెషీన్‌లో పెట్టి చూడండి, అక్కడా రాకపోతే పోయినట్టే. కానీ బయోస్‌లో పేరు కనబడుతూ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే కనబడకపోతే ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నట్టు. "డిస్క్ పోయింది, మార్చాలి" అని షాపులో చెప్పించుకుని కొత్తది వేయించుకుంటే, పాపం ఆ కొత్తది కూడా కనబడదు.

అసలు దొంగ: వీఎండీ

ఇంటెల్ 11వ జెన్ (జనరేషన్, అంటే తరం) నుంచి లాప్‌టాప్ ప్రాసెసర్లలో వీఎండీ (వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్) అనే స్టోరేజ్ కంట్రోలర్ వచ్చింది. చాలా కంపెనీలు దాన్ని ఆన్ చేసే పంపిస్తాయి. అది ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే వేగమైన రకం) నేరుగా విండోస్‌కి కనబడదు, ఆ కంట్రోలర్ వెనక ఉంటుంది. మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్ 8.1 నుంచే లోపల ఉంది కాబట్టి మనం డ్రైవర్ల సంగతే మర్చిపోయాం. వీఎండీకి మాత్రం ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇవ్వాలి. ఎక్స్‌పీ రోజుల్లో సాటా (పాత రకం కనెక్షన్) డిస్క్ కోసం ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, ఫ్లాపీ స్థానంలో పెన్‌డ్రైవ్ వచ్చిందంతే.

ఒక్కోసారి లిస్టు ఖాళీగా ఉండదు, డ్రైవ్ 0 అని ఒకటి కనబడుతుంది, సంబరపడిపోయి పార్టిషన్లు డిలీట్ చేసేస్తారు. అది మీ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవే! 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిన చోట 14 జీబీనో 29 జీబీనో చూపిస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

పరిష్కారం ఇలా. ఇంకో కంప్యూటర్‌లో మీ లాప్‌టాప్ మోడల్ సపోర్ట్ పేజీకి వెళ్లి స్టోరేజ్ డ్రైవర్ దించుకోండి. ఇంటెల్ సైట్‌లో అన్నిటికంటే కొత్తది తీసుకుంటే సరిపోతుందనుకోకండి, 20 సిరీస్ డ్రైవర్లు 12వ జెన్ నుంచి, 11వ జెన్‌కి అవి పనిచేయవు, 19 సిరీస్ కావాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, ఇంకోటి దాని పక్కనే ఉంది: దించుకున్న ఈఎక్స్‌ఈ ఫైల్‌ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేసి, ఇన్‌స్టాలర్ చూడట్లేదంటారు. దానికి కావాల్సింది లోపలున్న ఐఎన్‌ఎఫ్ ఫైల్ (డ్రైవర్ వివరాలుండే ఫైల్). కంపెనీ ఇచ్చిన ప్యాకేజీ అయితే 7-జిప్‌తో విప్పండి. ఇంటెల్ ఇచ్చిన సెటప్ ఫైల్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు రాసి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పక్కనే 'ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్' అని ఇంగ్లిష్‌లో కలిపి కొట్టి, చివర ఒక ఫోల్డర్ పేరు ఇవ్వండి. వచ్చిన ఫోల్డర్లలో వీఎండీ అన్నదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే వీఎండీ కంట్రోలర్ పేరు వస్తుంది (11వ జెన్‌కి పక్కన 9ఏ0బీ అని, 12వ జెన్‌కి 467ఎఫ్ అని ఉంటుంది). ఎంచుకుని నెక్స్ట్ కొడితే డిస్క్ ప్రత్యక్షం. పేరేమీ రాకపోతే, సరిపడని డ్రైవర్లని దాచే టిక్ తీసేసి ఏదో ఒకటి బలవంతంగా ఎక్కించకండి, వెర్షన్ తప్పని అర్థం.

రెండో దారి బయోస్‌లో వీఎండీని ఆపేయడం. ఏసస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది, డెల్‌లో స్టోరేజ్ కింద రెయిడ్ ఆన్ తీసి ఏహెచ్‌సీఐ పెట్టాలి, ఏసర్‌లో మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితేగానీ ఆ ఆప్షన్ బయటికి రాదు. చాలా హెచ్‌పీ లాప్‌టాప్‌లలో అసలు ఇవ్వలేదు, వాళ్లకి డ్రైవరే గతి. డిస్క్ మొత్తం తుడిచేసి వేసుకునేవాళ్లకి వీఎండీ ఆపేయడమే సులువు. పాత విండోస్, పాత డేటా ఉండాలనుకుంటే మాత్రం ముట్టుకోవద్దు, వీఎండీ ఆపేశాక పాత విండోస్ బూట్ డివైస్ దొరకలేదని నీలం తెర చూపిస్తుంది. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి, సెట్టింగ్ మారితే అది అడిగే అవకాశం ఉంది.

మిగతావి

డిస్క్ కనబడుతోంది కానీ జీపీటీ, ఎంబీఆర్ (డిస్క్‌ని పార్టిషన్లుగా విడగొట్టే కొత్త, పాత పద్ధతులు) అని వంకలు పెడుతోందా? పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) మోడ్‌లో బూట్ చేయలేదు, లేదా డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. డేటా అక్కర్లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి ఆ డిస్క్ ఎంచుకుని క్లీన్ కొట్టండి, అంతా పోతుందని గుర్తుంచుకుని. సాటా రకం ఎం.2 ఎస్‌ఎస్‌డీని ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో పెట్టినా కనబడదు, అరుదు. యూఎస్‌బీ పోర్ట్ మార్చితే డ్రైవర్ మెసేజ్ పోయిన కేసులూ ఉన్నాయి, ఒకసారి మార్చి చూడండి.

వేశాక వైఫై రాక, ఇంటర్నెట్ పేజీ దాటనివ్వకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో పదుల మెషీన్లకి ఇమేజ్ ద్వారా వేసేవాళ్లు ప్రతి దానికీ లోడ్ డ్రైవర్ నొక్కుతూ కూర్చోనక్కర్లేదు, డిస్మ్‌తో (ఇమేజ్‌లు మార్చే విండోస్ కమాండ్) బూట్ ఇమేజ్‌లోకి ఈ వీఎండీ డ్రైవర్ ఎక్కించేయండి. సెటప్ నడిచేది అందులోని రెండో ఇండెక్స్‌లో, మొదటిదాంట్లో పెట్టి రాలేదనేవాళ్లు చాలామంది. ఇన్‌స్టాల్ ఇమేజ్‌లోకి కూడా ఎక్కించాలి, లేకపోతే డిస్క్ కనబడి, కాపీ మొత్తం అయిపోయి, మొదటి రీస్టార్ట్‌లో అదే నీలం తెర.