బండి సిద్ధంగా ఉన్నా బయలుదేరలేకపోతున్నారా? సమస్య - పరిష్కారం

లక్షణం: ఇల్లు వదిలి వ్యానులోనే ఉంటూ ఊళ్లు తిరగాలని అందులో పడక అమర్చారు, ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటి యజమానికి చెప్పేశారు. అయినా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ప్రయాణం వారం వారం వాయిదా పడుతోంది.

ముందుగా చూడాల్సింది: ఆ బండిలో ఒక్క రాత్రయినా పడుకున్నారా? సోలార్ పలకలు, ఫ్రిజ్ అన్నీ బిగించినవాళ్లు కూడా ఈ ప్రశ్నకు నీళ్లు నములుతారు. దయచేసి ఇది దాటవేయకండి. మొదట మీ వీధిలోనే పడుకోండి. తర్వాత రహదారి పక్కన పెట్రోలు బంకులో అడిగి ఆగండి. లారీల ఎయిర్ బ్రేకుల చప్పుడుకు మెలకువ వస్తుంది. కిటికీలన్నీ మూస్తే తెల్లారేసరికి అద్దాల లోపలివైపు చెమ్మ కారుతుంది. అనుభవంలోకి వచ్చాక ఇవి చిన్న విషయాలు, అంతే.

అప్పటికీ భయం పోకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడు బండి రోగం వేషంలో వస్తాడు. రోజు దగ్గరపడేకొద్దీ ఇంజిన్‌లో కొత్త శబ్దం వినిపిస్తుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి తుడిచి చూసి, "ఏమీ లేదండీ" అంటాడు. నాలుగు రోజులకు క్లచ్ మీద అనుమానం, ఆ తర్వాత టైర్ల మీద. ఇలాంటి బండ్లు చాలా చూశాను. ఇల్లు వదలడం, సామాను అమ్మడం, ఉద్యోగం మానడం, బయలుదేరడం అన్నీ ఒకే వారంలో పెట్టుకుంటారు. నచ్చకపోతే తిరిగొచ్చి ఎక్కడ దిగాలో తెలియదు. ఆ బెంగే క్లచ్ మీదికి మళ్లుతుంది. కొత్త పరికరాలు కొన్నకొద్దీ ఇది ముదురుతుంది, తిరిగి రావడానికి ఉంచుకోవాల్సిన డబ్బు వాటికే పోతుంది కాబట్టి.

పరిష్కారం: వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోండి. కొత్త ఇంటి అడ్వాన్సు, మూడు నెలల అద్దె, ఇంటి ఖర్చు లెక్కగట్టి వేరే ఖాతాలో వేయండి. డీజిల్ కోసం దాన్ని ముట్టుకోవద్దు. బీరువా, మంచం అమ్మకుండా అన్నయ్య ఇంట్లోనో అత్తగారింట్లోనో పెట్టండి. ఇల్లు వదలకముందే సెలవు పెట్టి పది రోజులు బండిలో తిరిగి రండి. అమ్మానాన్నలకు "సంక్రాంతికి వస్తాం" అని చెప్పండి. వాళ్ల బెంగ తగ్గితే, రోజూ ఫోనులో అది మీకు అంటుకోవడమూ తగ్గుతుంది.

పోలీసులు ఆపుతారన్న భయం ఉంటే బండిలో చేసిన మార్పులు ఆర్సీలో నమోదయ్యాయో లేదో చూడండి, బీమా సంస్థకూ తెలపండి. జాతీయ రహదారిపై బండి ఆగితే 1033కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి. దొంగల భయానికి చీకటి పడకముందే మనుషులున్న చోట ఆగడం చాలు. ప్రయాణం ఊసే లేనప్పుడు కూడా గుండెదడ, నిద్రలేమి ఉంటే మాత్రం బండిని వదిలి వైద్యుడిని కలవండి.