మీ జంక్షన్ బాగవ్వాలంటే ఫ్లైఓవర్ తర్వాత, ముందు పెయింట్ అడగండి: వైజాగ్ హైవే పక్కన ఉండేవాళ్ళ కోసం

మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం, ఎండాడ, అటు గాజువాక, కూర్మన్నపాలెం, హైవే పక్కన ఎక్కడ అపార్ట్‌మెంట్లు లేచినా గొడవ ఒకటే, ఇల్లు రోడ్డుకి ఇటు, బస్‌స్టాప్ అటు. మెట్రో వస్తుంది, మధురవాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ వస్తుంది అంటున్నారు, రానివ్వండి మంచిదే, కానీ అది వచ్చేదాకా పిల్లలు, పెద్దవాళ్ళు రోజూ ఆ రోడ్డే దాటాలి కదా, పైగా పిల్లర్ల పని మొదలైతే ఉన్న రోడ్డులో సగం బారికేడ్ల పాలు. కాబట్టి ఈలోపు మనం చేయించుకోగలిగినవి ఏంటి, ఎవరిని ఎలా అడగాలి అన్నది చెప్తాను.

అందరూ చేసేది ఏంటంటే ఒక యాక్సిడెంట్ అవ్వగానే నలుగురు కలిసి వెళ్ళి "స్పీడ్ బ్రేకర్ వేయండి సార్" అని కాగితం ఇచ్చేసి వస్తారు. నేషనల్ హైవే మెయిన్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు వద్దని కేంద్ర రోడ్డు రవాణా శాఖే ఎప్పుడో చెప్పేసింది, అంటే మీ కాగితానికి వాళ్ళ దగ్గర జవాబు ముందే రెడీగా ఉంది, "రూల్స్ ఒప్పుకోవు". అక్కడితో ఫైల్ క్లోజ్. అందుకే కాగితం రాసేముందు వెళ్ళి అక్కడ కాసేపు నిలబడండి.

పొద్దున స్కూల్ టైమ్‌లో ఒకసారి, సాయంత్రం ఆఫీసులు వదిలేటప్పుడు ఒకసారి, రాత్రి 9 దాటాక ఒకసారి, వీలైతే వాన పడుతున్నప్పుడు కూడా. ఇద్దరు వెళ్తే మంచిది. ఏం కనిపిస్తుందో చూడండి: ఫ్రీ లెఫ్ట్ మొదట్లోనే షేర్ ఆటోలు వరసగా ఆగి ఉంటాయి, బస్ బేలో చోటు లేక బస్సు రెండో లేన్‌లో ఆగుతుంది, దిగినవాళ్ళు బస్సు ముందు నుంచే దాటతారు, వెనకాల నుంచి మూడో లేన్‌లో వచ్చే బైకుకి బస్సు అడ్డుగా ఉండి మనిషి కనపడడు. అటు చూస్తే యూటర్న్ దూరం అని సర్వీస్ రోడ్డులో రాంగ్ రూట్‌లో వచ్చే బళ్ళు. జామ్ అయ్యేదీ యాక్సిడెంట్ అయ్యేదీ ఈ ఒక్క బస్సు ఆగే చోటు వల్లే అని చాలాసార్లు అర్థమైపోతుంది, దానికి ఫ్లైఓవర్ కట్టినా కింద ఇదే సీను ఉంటుంది.

తర్వాత స్పీడ్ కొలవండి. స్పీడ్ గన్ అక్కర్లేదు, ఫోన్ చాలు. రెండు లైట్ పోల్స్ మధ్య దూరం టేపుతో కొలవండి, సర్వీస్ రోడ్డు వైపు నుంచే కొలవండి, మెయిన్ రోడ్డు మీదకి దిగొద్దు. ఫుట్‌పాత్ మీద నుంచో మేడ మీద నుంచో వీడియో తీసి, బండి ఒక పోల్ దాటి ఇంకో పోల్ దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. దూరాన్ని సెకన్లతో భాగించి 3.6తో గుణిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 60 మీటర్లు 3 సెకన్లలో వస్తే 72 అన్నమాట.

ఇప్పుడు అసలు లెక్క. ఒక వైపు మూడు లేన్లు, లేన్ మూడున్నర మీటర్లు అనుకుంటే దాటాల్సింది పదిన్నర మీటర్లు, మామూలు మనిషికి దాదాపు 9 సెకన్లు. 60 స్పీడ్‌లో వచ్చే బండి ఆ 9 సెకన్లలో 150 మీటర్లు వచ్చేస్తుంది. అంటే అడుగు వేసేటప్పుడు బండి 150 మీటర్ల అవతల ఉంటేనే ఆగకుండా సేఫ్‌గా దాటగలం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకైతే 13 సెకన్లు పట్టొచ్చు, 200 మీటర్ల పైనే కావాలి. మరి మీ జంక్షన్‌లో నిలబడితే 150 మీటర్ల అవతల బండి కనిపిస్తుందా? మలుపు, చెట్టు కొమ్మ, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, ఏది అడ్డొస్తోందో ఫోటో తీయండి, దాటే మనిషి కంటి ఎత్తు నుంచి తీయండి, డ్రోన్ షాట్లు ఎవరికీ ఉపయోగపడవు. ఈ ఒక్క పేరా లెక్క మీ కాగితంలో ఉంటే ఇంజినీరు "చూద్దాం" అని తోసేయడం కష్టం.

రోడ్డు ఎవరిది అన్నది ఇంకో తలనొప్పి. మెయిన్ రోడ్డు ఒకరిది, సర్వీస్ రోడ్డు ఒకరిది, లైట్లు ఒకరివి, సిగ్నల్ ఇంకొకరిది. ఆనందపురం నుంచి అనకాపల్లి బైపాస్ వచ్చాక సిటీలోంచి వెళ్ళే పాత హైవే విషయంలో ఈ కన్ఫ్యూజన్ ఇంకా పెరిగింది. ఎన్‌హెచ్ఏఐ (నేషనల్ హైవేల సంస్థ), జీవీఎంసీ (మన మున్సిపల్ కార్పొరేషన్), వీఎంఆర్డీఏ (విశాఖ నగరాభివృద్ధి సంస్థ), ట్రాఫిక్ పోలీస్, నలుగురిలో ఎవరికి రాసినా మిగతా ముగ్గురిని చూపిస్తారు. తేల్చుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఫలానా కిలోమీటరు రాయి నుంచి ఫలానా దాకా మెయిన్ క్యారేజ్‌వే, సర్వీస్ రోడ్డు, డివైడర్, లైట్లు ఎవరి నిర్వహణలో ఉన్నాయి, చివరిసారి మార్కింగ్ ఎప్పుడు వేశారు, కాంట్రాక్టర్ డిఫెక్ట్ లయబిలిటీ (పని చెడితే కాంట్రాక్టరే మళ్ళీ చేయాల్సిన గడువు) ఎప్పటిదాకా ఉంది" అని అడగండి, అంతే, "ఎందుకు చేయలేదు" లాంటివి వద్దు, దానికి జవాబు రాదు. తప్పు ఆఫీసుకి పెట్టినా 6(3) సెక్షన్ ప్రకారం వాళ్ళే 5 రోజుల్లో సరైన చోటుకి పంపాలి.

ఇక అడగాల్సినవి. చవకవి, తొందరగా అయ్యేవి ముందు పెట్టండి, ఏఈ, డీఈ లాంటి కింది స్థాయి ఇంజినీర్ల దగ్గరే అయిపోయే పనికి పెద్ద ఎస్టిమేట్లు, టెండర్లు ఉండవు. అడ్డొచ్చే కొమ్మలు, ఫ్లెక్సీలు తీసేయడం. దాటే చోట నేరుగా పైన లైటు. జీబ్రా లైన్లు, వాటికి ముందు స్టాప్ లైన్, ఇంకా ముందు రోడ్డుకి అడ్డంగా థర్మోప్లాస్టిక్ బార్లు (కరిగించి మందంగా వేసే పెయింట్ పట్టీలు), బండి దడదడలాడి డ్రైవర్ కాలు బ్రేక్ మీదకి వెళ్ళేలా. డివైడర్ మొదట్లో రేడియం స్టిక్కర్లు, రాత్రిపూట డివైడర్‌ని గుద్దే కార్లు ఎన్నో మీకే తెలుసు. బస్‌స్టాప్‌ని దాటే చోటుకి కొంచెం ముందుకి జరపమనండి, అంటే బస్సు జీబ్రా దాటాక ఆగాలి, అప్పుడు జనం బస్సు వెనకాల నుంచి దాటతారు, వచ్చే బళ్ళు కనిపిస్తాయి. నన్నడిగితే మొత్తం లిస్టులో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, దీనికి ఆర్టీసీ డిపో వాళ్ళని కూడా కలవాలి.

డివైడర్‌లో గ్యాప్ ఉంటే దాన్ని నేరుగా కాకుండా జెడ్ ఆకారంలో రెయిలింగ్ పెట్టించండి. మనిషి సగం దాటి డివైడర్ లోపల ఎడమవైపు తిరిగి నాలుగడుగులు నడిచి మళ్ళీ దాటతాడు, నడిచేటప్పుడు రెండో వైపు వచ్చే బళ్ళు ఎదురుగా కనిపిస్తాయి, ఒక్క పరుగులో రెండు వైపులా దాటేయడం కుదరదు, స్కూటర్లు దూరడం కూడా బాగా తగ్గుతుంది.

సర్వీస్ రోడ్డు మీద, కాలనీ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ అడగొచ్చు, కానీ కొలతలు రాసి అడగండి: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రంగా, పైన పెయింట్, ముందు బోర్డు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటు బస్తా తెచ్చి వేసే దిమ్మలున్నాయే, దయచేసి వద్దు, వాటి మీద వెనక సీటు ఆడవాళ్ళు ఎగిరిపడతారు, 108 కూడా అక్కడే నెమ్మదిస్తుంది.

షేర్ ఆటోల సంగతి పోలీసులతోనే అవుతుంది అనుకోకండి. ఫైన్ వేస్తే గంటలో మళ్ళీ అక్కడే ఉంటారు, ఎందుకంటే ప్యాసింజర్ అక్కడే ఉంటాడు. జంక్షన్ నుంచి కొంచెం అవతల నీడ, నిలబడ్డానికి చోటు ఉన్న జాగా చూపించి, స్టాండ్ యూనియన్ వాళ్ళతో, ట్రాఫిక్ సీఐతో కలిపి మాట్లాడితే చాలాచోట్ల కదులుతారు.

కాగితం ఒక్క పేజీ, వెనక ఫోటోలు, గూగుల్ మ్యాప్ లొకేషన్. సోమవారం కలెక్టరేట్‌లో, జీవీఎంసీలో పీజీఆర్ఎస్ (జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఉంటుంది, అక్కడ ఇచ్చి నంబర్ తీసుకోండి, నంబర్ లేని అర్జీ ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటే. ఒక కాపీ జిల్లా రోడ్డు భద్రతా కమిటీ పేరు మీద కలెక్టర్‌కి, ఆ కమిటీకి చైర్మన్ ఆయనే, పోలీస్, ఆర్టీఓ, ఇంజినీర్లు అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చునేది అక్కడే కాబట్టి "మాది కాదు" అనడం కుదరదు. మోటార్ వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ఉంది, రోడ్డు డిజైన్, నిర్వహణ లోపం వల్ల మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. బెదిరించినట్టు కాకుండా చివర్లో ఒక లైన్ రాయండి చాలు.

ఇంకోటి, బ్లాక్ స్పాట్ లెక్క. 500 మీటర్ల లోపు, మూడేళ్ళలో, మరణాలో తీవ్ర గాయాలో అయిన 5 యాక్సిడెంట్లు, లేదా మొత్తం 10 మరణాలు ఉంటే హైవే వాళ్ళు బ్లాక్ స్పాట్ అంటారు. కానీ మన దగ్గర కాలు విరిగినా "ఆస్పత్రి ఖర్చులు ఇచ్చేయ్" అని రోడ్డు మీదే సెటిల్ చేసుకుంటారు, పోలీస్ రికార్డులో ఏమీ ఉండదు, కాగితం మీద మీ జంక్షన్ బంగారం. అందుకే 112కి చేయండి, రికార్డు అవ్వనివ్వండి. సాక్షి అవ్వాలేమో అని భయం వద్దు, సాయం చేసినవాళ్ళని పేరు చెప్పమని బలవంతం చేయకూడదని మోటార్ వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కింద పెట్టిన రూల్స్ చెప్తాయి.

పని అయ్యాక మళ్ళీ వెళ్ళి అదే పోల్స్ మధ్య అదే వీడియో తీయండి, స్పీడ్ తగ్గిందో లేదో తెలుస్తుంది, తగ్గకపోతే ఆ వీడియోతోనే రెండో అర్జీ, ఈసారి రెయిలింగో సిగ్నలో అడగొచ్చు. పెయింట్ వేసిన తేదీ రాసి పెట్టుకోండి, ఒక వానాకాలానికే చెరిగిపోతే డిఫెక్ట్ లయబిలిటీ టైమ్ లోపే కాంట్రాక్టర్ చేత మళ్ళీ వేయించాలి, ఆ తేదీ దాటితే కొత్త ఎస్టిమేట్ అంటారు.