పిల్లల ఫోన్ వాడకం లాక్కోకుండా తగ్గించడం ఎలా?

ఇంటర్ చదివే పిల్లాడు రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తున్నాడని ఫోన్ లాక్కోకండి, గొడవే మిగులుతుంది. తనను తాను ఆపుకోవడానికి తోడ్పడే మెదడు భాగం 20 ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది, అందుకే తిట్టడం కన్నా ఫోన్ చేతికి అందకుండా చూడటమే మేలు. ఛార్జర్ హాల్లో పెట్టండి. పదికల్లా అందరి ఫోన్లూ, మీది కూడా, అక్కడే. నోటిఫికేషన్లు ఆపేసి, ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఏ యాప్‌కి ఎంత టైమో వాడినే పెట్టుకోమనండి; మీరు పెడితే ఎలా తప్పించుకోవాలా అని చూస్తాడు. ఆదివారం పొద్దున్నే స్నేహితులతో అలిపిరి మెట్లెక్కడానికి పంపండి. నిద్ర, చదువు వారాల తరబడి దెబ్బతింటుంటే మాత్రం ఆలస్యం వద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.