పిత్తనాళాల జబ్బుంటే పేగును ఎలా చూసుకోవాలి

మా తమ్ముడికి పీఎస్‌సీ (ప్రైమరీ స్క్లెరోసింగ్ కొలాంజైటిస్). అంటే లివర్ లోపలా బయటా ఉండే పిత్తనాళాలు వాచి, మచ్చకట్టి, అక్కడక్కడా ఇరుకైపోయే జబ్బు. వాడి మందులు, రిపోర్టులు నేనే చూస్తాను. ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: లివర్ రిపోర్టుతో ఆగకండి, పేగునూ పట్టించుకోండి.

పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా లివర్‌కే వెళ్తుంది. పేగు లోపలి పొర పాడైతే బ్యాక్టీరియా సరుకు కూడా ఆ దారినే పోతుంది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఆ పొరను దెబ్బతీస్తుందని 2019లో జపాన్ పరిశోధకులు ప్రయోగాల్లో చూపించారు. అయితే అసలు జబ్బుకు కారణం ఇదేనని ఇంకా తేలలేదు.

పీఎస్‌సీ అని తేలగానే, విరేచనాలు లేకపోయినా, కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) గురించి డాక్టర్‌ని అడగండి. చాలామందికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, తోడుంటుంది, అదీ పెద్దగా బయటపడకుండా. అది ఉంటే పేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష ఏటా చేయించమంటారు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజుకు ఎన్ని విరేచనాలు, రక్తం పడిందా, మూత్రం రంగు, దురద రాత్రి నిద్ర చెడగొట్టిందా అన్నవి రాస్తే చాలు.

దురద తగ్గడానికి డాక్టర్ కొలెస్టిరమైన్ అనే పొడిని నీళ్ళలో కలిపి తాగమంటే ఒక జాగ్రత్త ఉంది. అది పేగులో పిత్త ఆమ్లాలనే కాదు, మిగతా మందుల్నీ పట్టేసుకుంటుంది. అందుకే తమ్ముడి మాత్రలు దానికి గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేయిస్తాను. గ్లాసు అడుగున పొడి ఇసుకలా దిగిపోతుంది. మళ్ళీ కాసిని నీళ్ళు పోసి, తిప్పి, అదీ తాగించాలి.

పెరుగు, చద్దన్నం పడితే హాయిగా తిననివ్వండి, కానీ వాటితో నాళాలు బాగుపడతాయని ఆశ పెట్టుకోకండి. ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉండే) గోళీలు పనిచేస్తాయనడానికీ గట్టి రుజువు లేదు. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ మీద పరిశోధన జరుగుతోంది కదా అని మెడికల్ షాపులో కొని వాడకండి. ఉర్సో (పిత్తనాళాల జబ్బులకు ఇచ్చే ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్ర) డోసు కూడా సొంతంగా పెంచకండి. బాగా ఎక్కువ డోసు ఇచ్చిన ట్రయల్‌లో రోగులకు మేలు జరగకపోగా కీడే జరిగింది.

చలితో జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, కుడి డొక్కలో నొప్పి పుట్టినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. నాళాల్లో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పాత ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) రిపోర్టే కాదు, సీడీ కూడా పట్టుకెళ్ళండి. ఇరుకు పెరిగిందో లేదో పాత బొమ్మలతో పోల్చి చూడాలి.