విమానంలో పగులు ఎక్కడుందో వెతికేది ఎలా

విమానం చుట్టూ టార్చి పట్టుకుని తిరిగితే పగుళ్లు దొరకవు. పగులు ఎక్కడ పుడుతుందో, ఏ దిక్కుకు పాకుతుందో ముందే తెలిసి ఉండాలి. చేతిలో ఏ పరికరం ఉండాలన్నది ఆ తర్వాతి మాట. ఎర్రగుంట్లలో మా ఇంటికి వచ్చే డిప్లొమా పిల్లలు మాత్రం కూర్చుంటూనే మెషీన్ల సంగతి ఎత్తుతారు. ‘సార్, ఎడ్డీ కరెంట్ మంచిదా, అల్ట్రాసోనిక్ మంచిదా?’ అని. మొదటిది విద్యుత్‌తో, రెండోది చెవికి వినపడని ధ్వనితో పగుళ్లు పట్టే పద్ధతి. ఏ లోహం, ఎంత మందం, పగులు పై రేకులోనా, కింది రేకులోనా అని నేను ఎదురడిగితే ముఖాలు చూసుకుంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక హెచ్చరిక. ఇది పని నేర్చుకునేవాళ్లకు చూపు రావడానికే. విమానం దగ్గర టాస్క్ కార్డు (ఆ రోజు చేయాల్సిన పనులు రాసిచ్చే కాగితం), తయారీదారు ఇచ్చిన మాన్యువల్ ఏం చెబితే అదే చేయాలి. నేను చెప్పానని అక్కడ ఒక్క అంశం కూడా మార్చకూడదు.

ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్ లోపలి గాలి విమానం తొడుగును, అంటే పై రేకును, బయటికి తోస్తుంది. దిగాక ఆ ఒత్తిడి పోతుంది. పెద్ద జెట్ విమానాల్లో పై ఎత్తున లోపలి ఒత్తిడి బయటి కంటే చదరపు అంగుళానికి దాదాపు 8 పౌండ్లు ఎక్కువ. చదరపు మీటరుకు లెక్కేస్తే ఐదున్నర టన్నుల పైమాటే. దాన్ని మోసే అల్యూమినియం రేకు చాలాచోట్ల మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒక్కసారికి ఏమీ కాదు. వేల సార్లు జరిగితే రేకులను కలిపి బిగించే రివెట్ రంధ్రం అంచున వెంట్రుక కంటే సన్నని పగులు పుడుతుంది. కాబట్టి విమానం వయసును ఏళ్లలో కాదు, సైకిళ్లలో అడగండి. ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్. కడప విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ లాంటి చిన్న విమానాలు గంట, గంటన్నర ప్రయాణాలతో రోజుకు చాలాసార్లు లేచి దిగుతాయి. సముద్రాలు దాటే విమానానికి పదిహేను గంటలు ఎగిరినా ఒక్క సైకిలే.

ఈ లెక్క ఎంత ముఖ్యమో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో తేలింది. అలోహా ఎయిర్‌లైన్స్ 243వ సర్వీసు, బోయింగ్ 737, ఆకాశంలో ఉండగా ముందు భాగంలో పైకప్పు ఊడిపోయింది. విమాన సిబ్బందిలో ఒకామె గాల్లోకి లాగేయబడి చనిపోయింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496. సైకిళ్లు 89,680. అంటే సగటున ఒక్కో ప్రయాణం పాతిక నిమిషాలు కూడా లేదు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చే ల్యాప్ జాయింట్‌లో అంటించిన జిగురు వదిలేసింది. బరువంతా రివెట్ల మీద పడింది. పక్కపక్క రంధ్రాల్లో పుట్టిన చిన్న చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. నన్నడిగితే ఒంటరి పెద్ద పగులు కంటే వరుసలో ఉన్న పది చిన్న పగుళ్లకు ఎక్కువ భయపడాలి. ఇంకో సంగతి: ఎక్కేటప్పుడు తలుపు దగ్గర తొడుగు మీద పగులు చూశానని, ఎవరికీ చెప్పలేదని ఒక ప్రయాణికురాలు తర్వాత చెప్పింది. మీకు కిటికీ పక్కన ఏదైనా తేడాగా కనిపిస్తే సిబ్బందికి చెప్పండి. నవ్వితే నవ్వనీయండి.

ఇక ఎక్కడ చూడాలి? బలం దారి మళ్లే ప్రతిచోటా. తలుపులు, కిటికీల మూలలు, రివెట్ వరుసలు, రెక్క ఫ్యూజలాజ్‌కు, అంటే విమానం మొండేనికి, కలిసే చోటు, ల్యాండింగ్ గేర్ బిగించే చోటు, క్యాబిన్ వెనక ఒత్తిడిని ఆపే బల్క్‌హెడ్ అనే గోడ. 1954లో బ్రిటన్‌లో తయారైన కామెట్ అనే ప్రయాణికుల జెట్లు రెండు, జనవరిలో ఎల్బా దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర, సముద్రంలో కూలాయి. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో అదే రకం విమానాన్ని పెద్ద నీటి తొట్టిలో పెట్టి లోపల ఒత్తిడి ఎక్కించి దించుతూ పోయారు. చివరికి కిటికీ లాంటి వాటి కోసం రేకులో కోసిన ఖాళీ మూల దగ్గరే అది చీలింది. ఆనాటి నుంచి డ్రాయింగులో మూల కనిపిస్తే ఇన్‌స్పెక్టర్ వేలు అక్కడే ఆగుతుంది. గ్యాలీల (విమానంలోని వంటగదుల) కింద, మరుగుదొడ్ల కింద నేల బీములను కూడా మరిచిపోకండి. అక్కడ కాఫీ, నీళ్లు ఒలికి అల్యూమినియం తెల్లని పొడిలా తుప్పు పడుతుంది. ఆ గుంటల్లోంచే పగులు మొదలవుతుంది.

దిక్కు కూడా తెలియాలి. పగులు లాగే బలానికి అడ్డంగా పాకుతుంది. గాలి నింపిన గొట్టంలో చుట్టుకొలత వెంట లాగే బలం పొడవు వెంట లాగే బలానికి రెట్టింపు. అందుకే ఫ్యూజలాజ్ పొడవు జాయింట్లలో పగులు ముక్కు నుంచి తోక దిక్కుగా, రివెట్ వరుస వెంటే పోతుంది. రివెట్‌ను గడియారం అనుకుంటే వరుస దిశలో ఉన్న 3, 9 అంకెల దగ్గర ముందు చూడండి. రెక్కకు ఎగిరేటప్పుడు కింది తొడుగే సాగుతుంది, పైది నొక్కుకుంటుంది. కాబట్టి రెక్క కింది వైపు ఎక్కువ సేపు ఉండాలి. పైకి చేయెత్తి చూసే పని కాబట్టి మెడ లాగుతుంది, అందరూ అక్కడే తొందరపడతారు.

పాత మరమ్మతులంటే నాకు ప్రత్యేకమైన అనుమానం. 2002 మే 25న చైనా ఎయిర్‌లైన్స్ 611వ సర్వీసు, బోయింగ్ 747, గాల్లోనే విడిపోయి 225 మంది చనిపోయారు. 1980లో హాంకాంగ్‌లో తోక నేలకు రాసుకున్నప్పుడు పడిన గీతలను పూర్తిగా తీసేయకుండా మీద డబ్లర్ రేకు, అంటే బలానికి వేసే అతుకు, వేశారు. ఇరవై రెండేళ్లు ఆ గీతల్లోంచి పగులు డబ్లర్ చాటున పెరిగింది. బయటి నుంచి కంటితో చూస్తే పగులు కనిపించే వీలే లేదు. కానీ అంతకు ముందు తీసిన ఫొటోల్లో డబ్లర్ అంచున మరకలు ఉన్నాయి. మరక కనిపిస్తే తుడిచేసి ముందుకు పోకండి. ముందు ఫొటో తీయండి, ఎక్కడి నుంచి కారుతోందో చూడండి. రివెట్ తల చుట్టూ గాలి వీచే దిక్కుకు నల్లగా పొగ మసిలా సాగి ఉంటే రివెట్ వదులై కదులుతోందన్న మాట.

ఇప్పుడు పని. సగం పని శుభ్రం చేయడమే. గ్రీజు, మసి, సందులు మూయడానికి పూసిన పాత సీలెంట్ తీసేయాలి. కానీ సీలెంట్‌ను కత్తితోనో బ్లేడుతోనో గీకితే మీరే కొత్త పగులు నాటినట్టు. రంగు వేసే ముందు జాయింట్ల దగ్గర పదునైన పనిముట్లతో గీకగా పడిన గీతలే తర్వాత పగుళ్లై, పాత 737లకు ప్రత్యేక తనిఖీలు పెట్టాల్సి వచ్చింది. ప్లాస్టిక్ స్క్రేపర్ వాడండి. వైరు బ్రష్షుతో రుద్దితే మెత్తని లోహం సాగి పగులు నోరు మూసుకుపోతుంది. అనుమానమున్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టకండి. గ్రాఫైట్ తగిలిన అల్యూమినియం అక్కడే తుప్పు పడుతుంది. అందుకు అనుమతించిన మార్కరే వాడాలి.

తర్వాత కళ్లు. విమాన తనిఖీల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ కంటి చూపే. టార్చిని సూటిగా రేకు మీదికి కొట్టకండి, వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. రేకుకు 5 నుంచి 45 డిగ్రీల కోణంలో, వెలుగు మీ ముఖం వైపు వచ్చేలా పట్టండి. ఏటవాలు వెలుగులో పగులు ఒక పక్క నీడ పడి సన్నని గీతలా లేస్తుంది. అనుమానం వస్తే పది రెట్ల భూతద్దం. గీత అనుమానమే అయితే టార్చి దిక్కు మార్చి చూడండి. రంగు మీది గీత వెలుగు మారితే మసకబారుతుంది, పగులు మొండిగా అక్కడే ఉంటుంది. ఇది పక్కా పరీక్ష కాదు, పరికరం తెచ్చేలోపు మనసు సిద్ధం చేసుకోవడానికే.

కంటికి అందని పగుళ్లకు ఎక్కువగా వాడేది ఎడ్డీ కరెంట్. పెన్ను లాంటి ప్రోబ్‌లోని తీగచుట్ట అల్యూమినియంలో చిన్న విద్యుత్ సుడులను పుట్టిస్తుంది. పగులు అడ్డొస్తే ఆ సుడులు చుట్టూ తిరిగి పోవాలి, తెరమీది చుక్క కదులుతుంది. పైపొర పగుళ్లకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ, కింది రేకులో పగుళ్లకు తక్కువ ఫ్రీక్వెన్సీ. ముందు అదే లోహంతో చేసిన, కావాలని సన్నగా కోత పెట్టిన నమూనా ముక్క తీసుకోండి. ప్రోబ్‌ను మంచి భాగం మీద పెట్టి చుక్కను మధ్యకు తెచ్చుకోండి. ప్రోబ్‌ను కొంచెం పైకి ఎత్తితే చుక్క అడ్డంగా పోయేలా తిప్పుకోండి. ఆ తర్వాత కోత మీదుగా జరిపితే చుక్క పైకి లేవాలి. అడ్డంగా పోయేది చేతి వణుకు, నిలువుగా లేచేది పగులు. ఈ రెండూ తెరమీద విడిపోతే తప్ప విమానం దగ్గరికి వెళ్లకండి.

రివెట్ చుట్టూ ప్రోబ్‌ను తిప్పేటప్పుడు రేకు అంచుకు గాని, ఉక్కు బోల్టుకు గాని దగ్గరైతే చుక్క దానంతటదే కదులుతుంది. అందుకే రంధ్రానికి ఒకే దూరంలో తిరిగేలా ప్లాస్టిక్ గైడు వాడతారు. నిజమైన పగులు ఒకే చోట, ఎన్నిసార్లు తిప్పినా, ఒక్కసారిగా ముల్లులా లేస్తుంది. నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగితే సాధారణంగా మందమో, రంగు పొరో మారింది. పని ముగిశాక మళ్లీ నమూనా ముక్క మీద పెట్టి చూడాలి. చుక్క మొదట్లో లేచినంత లేవకపోతే, మునుపు సరిగ్గా ఉన్నప్పటి నుంచి చూసిన రివెట్లన్నీ మళ్లీ చూడాల్సిందే. విసుగు పుట్టే నియమమే, కాని తప్పించుకునే దారి లేదు.

ఇంజిన్ డిస్కులు, విడదీసిన భాగాల విషయంలో మెరిసే పెనెట్రెంట్, అంటే పగుళ్లలోకి దిగే ద్రవం, వాడతారు. శుభ్రం చేసిన లోహం మీద ద్రవం పూసి, చెప్పినంత సేపు ఆగి, పైద్రవం కడిగి, ఆరబెట్టి, ఆ ద్రవాన్ని పగుల్లోంచి పైకి లాగే డెవలపర్ పొడి వేసి, చీకటిగదిలో అతినీల లోహిత దీపం కింద చూస్తే పగులు ఆకుపచ్చగా వెలుగుతుంది. మూడు జాగ్రత్తలు. రంగు ఉంటే ద్రవం లోపలికి దిగదు. చీకట్లోకి వెళ్లాక కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. ఎండకు నల్లబడే కళ్లద్దాలు పెట్టుకోకూడదు, ఆ దీపం కిందా నల్లబడతాయి. ఎండాకాలంలో మన వైపు ఆరుబయట ఎండలో ఉన్న లోహం మీద ఈ పని తలపెట్టకండి. 50 డిగ్రీల దరిదాపుల్లో ద్రవం కడగకముందే ఆరిపోతుంది. 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన యునైటెడ్ 232 విమానం ఇంజిన్‌లో పగిలిన టైటానియం ఫ్యాన్ డిస్కుకు కూడా ఇదే పరీక్ష చేశారు. ప్రమాదానికి 760 సైకిళ్ల ముందు చేసిన ఆ తనిఖీలో దాదాపు అర అంగుళం పగులు కంటపడలేదు. పరీక్ష పనికిరానిదని దీనర్థం కాదు, చేసే మనిషి పొరపాటుకు చోటుంటుందని.

ఉక్కు భాగాలకు అయస్కాంత పొడి, మందమైన వాటికి అల్ట్రాసోనిక్, విప్పలేని చోట ఎక్స్‌రే. వీటి గురించి ఇక్కడ ఇంతే చాలు.

కార్బన్ ఫైబర్ సంగతి వేరు. ఏటీఆర్ 72 రెక్కల బయటి భాగం కార్బన్ ఫైబరే. అందులో లోహంలా పగులు పాకదు, పొరలు విడిపోతాయి. చిన్న సుత్తితో తట్టి వినే పరీక్ష ఇప్పటికీ ఉంది. మా బావకు నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. బండను వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటే మెషీన్ మీదికి, డొల్లగా మోగితే పక్కకు పెట్టించేస్తాడు. నేను హ్యాంగర్లో (విమానాలు బాగుచేసే షెడ్డులో) చేసేదీ అదే అంటే మొదట నమ్మలేదు. తట్టేచోట చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. హ్యాంగర్లో పక్కన కంప్రెసర్ తిరుగుతుంటే ఆ పని వాయిదా వేయండి.

ఎన్నాళ్లకోసారి చూడాలన్నది ఇన్‌స్పెక్టర్ ఇష్టం కాదు. పరికరానికి దొరికేంత పగులు, రేకును చీల్చేంత పగులుగా పెరగడానికి ఎన్ని సైకిళ్లు పడతాయో లెక్కగట్టి, ఆ లోపు కనీసం రెండు మూడు తనిఖీలు పడేలా గడువు పెడతారు. ఒకసారి తప్పినా ఇంకోసారి చిక్కాలని. దొరికేంత పగులు అంటే అదృష్టం బాగుంటే దొరికేది కాదు. అలాంటివి వంద ఉంటే కనీసం తొంభై దొరుకుతాయని 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేంత. అంటే లెక్కలోనే తప్పిపోయేవాటికి చోటు ఉంచారు. ఆ చోటును మీ అలసటతో, నిద్రలేమితో పెంచకండి. రాత్రి షిఫ్టులో వందలాది రివెట్లు చూస్తుంటే ఏమీ దొరకని గంటలే ఎక్కువ. అప్పుడప్పుడు ఆగి కళ్లకు విశ్రాంతినివ్వండి. ఎక్కడ ఆపారో టేపు అంటించి గుర్తు పెట్టండి. కార్డులో మీరు నిజంగా ప్రోబ్ పెట్టిన చోట్లకే సంతకం చేయండి. సీలెంట్ అడ్డొచ్చి చూడలేకపోయిన రివెట్లుంటే వాటి నంబర్లు రాయండి.

పగులు దొరికితే రుద్దకండి, రంధ్రం వేయకండి. పొడవు, ఏ ఫ్రేము (మొండెం చుట్టూ తిరిగే చట్రం), ఏ స్ట్రింగర్ (పొడవు వెంట పోయే బద్ద) దగ్గర, ఏ దిక్కున ఉందో కొలిచి రాసి ఇంజనీరుకు ఇవ్వండి. పగులు చివర రంధ్రం వేసి ఆపడమో, రేకు మార్చడమో తేల్చేది వాళ్లు. మీ పని ఇంకా ఉంది: అదే స్థానంలో విమానానికి రెండో వైపు చూడాలి. ఆ తర్వాత అదే రకం మిగతా విమానాలు. 2019లో సరకు విమానాలుగా మారుస్తున్న బోయింగ్ 737 ఎన్‌జీ (నెక్స్ట్ జనరేషన్) రకం విమానాల్లో, రెక్కను ఫ్యూజలాజ్‌కు కలిపే పికిల్ ఫోర్క్ అనే భాగంలో పగుళ్లు దొరికాయి. 30,000 సైకిళ్లు దాటిన అదే రకం విమానాలను ఏడు రోజుల్లో చూడాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది. చూస్తే ఇంకా చాలా విమానాల్లో అదే చోట పగుళ్లు బయటపడ్డాయి.